స్లైడ్లు ఆగిపోయాక: ఒక ఏఈవోతో చేసిన ప్రసంగ శిక్షణ

ప్రసంగ శిక్షణకు నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మొదట అనే మాట "సార్, స్టేజీ భయం పోవాలి" అని. ఈమె అలా అనలేదు. "సార్, నాకు భయం లేదు. రైతులతో రోజూ మాట్లాడుతూనే ఉంటాను. మీటింగ్‌లో ఎవరన్నా మధ్యలో లేచి అడిగితే మాత్రం నేను ఎక్కడున్నానో నాకే తెలియదు" అంది. తన ఇబ్బంది ఏమిటో ఇంత సూటిగా చెప్పగలిగితే సగం పని అయినట్టే. మామూలుగా ఈ మాట దగ్గరికి రావడానికే కొన్ని కూర్చోవడాలు పడుతుంది.

ఆమె ఉత్తర తెలంగాణలో పత్తి ఎక్కువగా వేసే ఒక క్లస్టర్‌కు వ్యవసాయ విస్తరణ అధికారి. ఊళ్లో అందరికీ ఏఈవో మేడమ్. దాదాపు ఐదు వేల ఎకరాలు ఒక క్లస్టర్, దానికి ఒక ఏఈవో, ఒక రైతు వేదిక (రైతుల మీటింగ్ హాలు) అన్నది అక్కడి పద్ధతి. పంటల నమోదు దగ్గర్నుంచి నష్టం అంచనాల దాకా అన్నీ ఆ ఒక్కరి మీదే. వేదికలో మీటింగ్ పెట్టి మాట్లాడటం కూడా ఆ పనుల్లో ఒకటి. మొక్కకు ఏ తెగులు వచ్చిందో నాలుగేళ్లు చదివిస్తారు గానీ, మూడు ఊళ్ల రైతుల ముందు అది ఎలా చెప్పాలో ఒక్క పూట కూడా నేర్పరు. ఆమె ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. ఊరు, మండలం, మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు తీసేశాను.

మొదట చూసింది

సహోద్యోగి ఫోన్లో తీసిన పాత మీటింగ్ వీడియో ఒకటి చూపించింది. విషయం పత్తిలో గులాబీ రంగు పురుగు. స్లైడ్లు పైనుంచి వచ్చినవి, అన్నీ సమగ్ర యాజమాన్య పద్ధతుల భాష. మొదటి స్లైడ్ చదివింది. రెండోది చదివింది. "రైతు సోదరులు గమనించవలసిన విషయం ఏమనగా" అంటూ మూడోది అందుకుంది. అప్పుడు వెనక వరసలోంచి ఒకాయన లేచి, "మేడమ్, పంట నష్టం పైసలు ఎప్పుడు వడ్తయ్?" అన్నాడు. ఆమె "ఆ విషయం చివర్లో మాట్లాడుకుందాం" అని స్లైడ్ వైపు తిరిగి, అంతకు ముందు చదివిన వాక్యాన్నే మళ్లీ మొదట్నుంచి చదివింది. చివర్లో ఆ సంగతి రాలేదు. అడిగినాయన అప్పటికే బయటికి వెళ్లిపోయాడు. ఆయన వెంట ఇంకొంతమంది వెళ్లారు. మిగిలినవాళ్లలో సగం మంది తలలు ఫోన్లలో ఉన్నాయి.

వీడియో చూసి ఏదీ తేల్చకూడదని నా నమ్మకం. మనిషి బాగా మాట్లాడే చోటు ఒకటి ఎక్కడో ఉంటుంది, అది కూడా చూడాలి. అందుకే చేనుకు తీసుకెళ్లమన్నాను. గట్టు మీద ఆమె వేరే మనిషి. నడుస్తూ నడుస్తూ ఒక పువ్వు తుంపి పక్కనున్న రైతు చేతిలో పెట్టింది. "సూడు మామా, ఈ పువ్వు ఇచ్చుకోలే. రేకలు ముడుచుకొని గులాబీ మొగ్గ లెక్క ఉంది. ఇదే గుడ్డి పువ్వు. విప్పు, లోపల పురుగు ఉంటది" అంది. ఆయన విప్పాడు. ఉంది. వెంటనే ఆయన తన ఎద్దు సంగతి ఎత్తుకున్నాడు. ఆమె ఎద్దు గురించి రెండు మాటలు విని, పశువుల డాక్టర్ ఏ రోజు వస్తాడో చెప్పి, అదే ఊపులో "మరి నీ చేన్ల ఎన్ని గుడ్డి పూలున్నయో లెక్కవెట్టినవా?" అని వెనక్కి తెచ్చింది. ఎక్కడా తడబడలేదు.

అప్పటికప్పుడు మాట్లాడటం ఆమెకు కొత్తగా నేర్పాల్సిన పనేమీ లేదని అక్కడే తేలిపోయింది. గట్టు మీద చేస్తున్నదాన్ని వేదిక మీద ఎందుకు చేయలేకపోతోందన్నదే చూడాలి.

కారణం వెతకడం కష్టం కాలేదు. వేదిక కోసం ఆమె ప్రసంగాన్ని గొలుసులా కంఠస్థం చేస్తోంది. ఒకటో వాక్యం తర్వాత రెండోది, రెండో దాని తర్వాత మూడోది. మధ్యలో ఒక్కటి తెగితే తర్వాతిది గుర్తురాదు కాబట్టి మళ్లీ మొదటికి రావాలి. స్లైడ్ ఉన్నంతసేపు అది ఊతం, స్లైడ్ పోతే అంతా పోయినట్టే. పైగా అవి ఆమె మాటలు కావు, ఆఫీసు మాటలు. గట్టు మీద తన భాషలో ఆలోచిస్తుంది. వేదిక మీద 'ఏమనగా' భాషలో ఆలోచించాలి. ప్రశ్న మాత్రం 'వడ్తయ్' భాషలో వస్తుంది. ఒక మనిషి రెప్పపాటులో ఈ రెండు భాషల మధ్యా అటూ ఇటూ దూకాలంటే ఎలా?

అప్పటికప్పుడు అన్నది ఎక్కడిది

ఇక్కడ ఒక అపోహ సంగతి చెప్పాలి, ఎందుకంటే ఆమెకూ అది ఉంది. "అప్పటికప్పుడు మాట్లాడేవాళ్లకు అది పుట్టుకతో వస్తుంది సార్" అంది. మా వృత్తిలోనే కొందరు ఈ నమ్మకం మీద బతుకుతున్నారు. ఆత్మవిశ్వాసం, కళ్లలోకి చూడటం, చేతులు తిప్పడం అంటూ రెండు రోజులు క్లాసు పీకి పంపిస్తారు. చెప్పడానికి చేతిలో సరుకు లేని మనిషి చేతులు ఎంత తిప్పినా ఏం లాభం?

1963 ఆగస్టు 28న వాషింగ్టన్‌లో లింకన్ స్మారకం దగ్గర నల్లజాతి హక్కుల నేత మార్టిన్ లూథర్ కింగ్ మాట్లాడినప్పుడు ఆయన ముందు రాసుకొచ్చిన ప్రసంగం ఉంది. లోకానికి గుర్తుండిపోయిన 'నాకో కల ఉంది' అన్న భాగం ఆ కాగితాల్లో లేదు. దగ్గర్లో ఉన్న గాయని మహాలియా జాక్సన్ "ఆ కల గురించి చెప్పు" అని కేకేసిందని అక్కడున్నవాళ్లు తర్వాత చెప్పారు. ఆయన కాగితం వదిలేసి అందుకున్నాడు. కథ ఇక్కడితో ఆపితే అది అద్భుతంలాగే ఉంటుంది. కానీ అదే కల గురించి ఆయన రెండు నెలల ముందు, జూన్ 23న డెట్రాయిట్‌లో మాట్లాడాడు. అంతకు ముందు 1962 నవంబర్‌లో నార్త్ కరోలినాలోని రాకీ మౌంట్‌లో మాట్లాడాడు. నోట బాగా నలిగిన ముక్క అది. ఆ రోజు అప్పటికప్పుడు జరిగిందల్లా, ఈ జనానికి ఈ క్షణాన ఆ ముక్క కావాలని పసిగట్టడం, చేతిలో ఉన్న దాన్ని వదలడానికి తెగించడం.

ఇంకోటి మా ఏఈవో కథకు మరీ దగ్గర. 1993 సెప్టెంబర్ 22న అమెరికా అధ్యక్షుడు క్లింటన్ ఆరోగ్య సంస్కరణల మీద అక్కడి కాంగ్రెస్‌లో మాట్లాడటానికి నిలబడితే, చూసి చదివే తెర, అంటే టెలిప్రాంప్టర్‌లో పాత ప్రసంగం ఎక్కి ఉంది. సిబ్బంది కిందా మీదా పడి సరిచేసేలోపు ఆయన దాదాపు ఏడు నిమిషాలు ఊతం లేకుండా మాట్లాడాడు. చూసేవాళ్లకు తేడా తెలియలేదు. నెలల తరబడి అదే విషయాన్ని చర్చిస్తూ ఉన్నాడు కాబట్టి యంత్రం మోసం చేసినా నోరు చేయలేదు.

నిజానికి తెలుగువాళ్లం ఇందుకోసం అంత దూరం వెళ్లనక్కర్లేదు. అష్టావధానం చూసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. ఎనిమిది మంది పృచ్ఛకులు ఎనిమిది వైపుల నుంచి లాగుతుంటారు. ఒకరు అక్షరం అక్షరానికీ అడ్డం పడే నిషిద్ధాక్షరి, ఒకరు చివరి పాదం ఇచ్చి మిగతాది పూరించమనే సమస్య, ఒకరు పొంతన లేని నాలుగు పదాలిచ్చి పద్యంలో ఇమడ్చమనే దత్తపది. పద్యాన్ని ఒకేసారి చెప్పడానికి లేదు, ఒక్కో ఆవృత్తికి, అంటే ఒక్కో చుట్టుకు, ఒక్కో పాదం. అన్నీ అయ్యాక ధారణలో అన్నిటినీ మళ్లీ అప్పజెప్పాలి. ఆ పద్యం అప్పుడే పుట్టిందనేది నిజమే. కానీ ఛందస్సు అప్పుడు పుట్టలేదు. పురాణ కథలు అప్పుడు పుట్టలేదు. గణాలు, యతిప్రాసలు ఆలోచించకుండానే పడేంతగా ఒంట్లో ఇంకిపోయి ఉంటాయి కాబట్టి అవధాని బుర్ర ఏ మాట వేయాలన్న దాని మీదే పనిచేస్తుంది. తిరుపతి వేంకట కవుల కాలం నుంచి ఇప్పటి అవధానుల దాకా ఎవరిని చూసినా ఇదే. ఏళ్ల తరబడి కూడబెట్టకుండా ఎవరూ పీట మీద కూర్చోరు.

నాకు అవధానంలో అన్నిటికన్నా పనికొచ్చింది అప్రస్తుత ప్రసంగం. ఆ పృచ్ఛకుడి పనే అవధాని ధ్యాస చెడగొట్టడం. పద్యం మధ్యలో "అవధాని గారూ, మీ ఇంట్లో ఈ పూట ఏం కూర?" అన్నట్టు దూరతాడు. అవధాని నవ్వించే జవాబు ఒకటి ఇచ్చి, వదిలిన పాదం దగ్గరికి వచ్చేస్తాడు. మన మీటింగుల్లో ఆ పాత్రకు ఒక్కరు కాదు, ఊరంతా సిద్ధంగా ఉంటుంది.

ఏం చేశాం

ముందు స్లైడ్లు పక్కన పెట్టించాను. ఆమె గట్టు మీద రైతులతో మాట్లాడుతున్నప్పుడు, వాళ్లకు చెప్పే మాటల్ని ఫోన్లో రికార్డు చేసి కాగితం మీద పెట్టాం. చదువుతుంటే ఒక సంగతి తేలింది: ఎవరితో మాట్లాడినా ఆమె తిప్పి తిప్పి చెప్పేవి తొమ్మిదో పదో విషయాలు. గుడ్డి పువ్వు. కాయ కోసి చూడటం. వాసనతో పురుగుల్ని రప్పించి పట్టే లింగాకర్షక బుట్టలో లెక్క. మందు ఎందుకు పనిచేయదు. పురుగును తట్టుకునేలా జన్యువు మార్చిన బీటీ గింజ సంగతి. పక్క చేను. పత్తి గింజ తీసే జిన్నింగ్ మిల్లు దగ్గరి చేలకు ఉండే ముప్పు. పంట ఎప్పుడు తీసేయాలి. వీటికి ఆమె పెట్టిన పేరు 'ముక్కలు'. ఇకమీద నేనూ అదే వాడతాను.

ప్రతి ముక్కకూ మొదటి వాక్యం, చివరి వాక్యం బిగించాం. నడుమ భాగం ఆ రోజు ఆ నోటికి ఎలా వస్తే అలా. ఉదాహరణకు కాయ ముక్క. మొదటి వాక్యం: "మందు డబ్బా మూత తీసేముందు ఇరవై కాయలు కోయండి." చివరిది: "రెండింట్ల పురుగు కనబడితేనే మందు." మధ్యలో చెప్పాల్సిన విషయం ఆమెకు కొట్టిన పిండి. చేనంతా తిరిగి వేర్వేరు మొక్కల నుంచి ఇరవై పచ్చి కాయలు కోసి పగలగొట్టి చూడాలి, రెండింటిలో బతికున్న పురుగు ఉంటే పది శాతం, అంటే మందు కొట్టాల్సిన హద్దు దాటినట్టు. బుట్టల ముక్క కూడా అంతే. బుట్టలో పడేవి మగ రెక్కల పురుగులు, వరుసగా మూడు రాత్రులు బుట్టకు ఎనిమిది చొప్పున పడితే జాగ్రత్త పడాలి. ఇదంతా ఆమెకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. తెలియనిదల్లా ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్నదే. జనం ముందు నిలబడి తడబడేవాళ్లలో చాలామందికి అంతే. విషయం కరువై ఆగరు, మొదలూ చివరా దొరక్క ఆగుతారు.

తర్వాత ముక్కల పేర్లు చీటీల మీద రాసి మడిచి గిన్నెలో వేశాం. తీసిన చీటీ మీద ఏముంటే అది మాట్లాడాలి. అది అయ్యాక ఇంకో చీటీ, ఆ రెంటినీ అతికే వాక్యం అక్కడికక్కడే వేయాలి. మొదట్లో అతుకులు వికారంగా ఉండేవి. "ఇప్పుడు నేను చెప్పబోయేది" అనడం, లేదా చప్పుడు లేకుండా ఆగిపోవడం. మెల్లగా దారిన పడింది. పంట తీసే ముక్క నుంచి ధర విషయానికి పోవాల్సి వస్తే "ధర సంగతి గూడ చెప్త, ముందుగాల కాయ పుచ్చకుంటే గద ధర" అనేసింది ఒకరోజు, అనుకోకుండా. అది అలాగే ఉంచేశాం.

సైజులు మార్చడం వేరే కసరత్తు. అదే ముక్కను అర నిమిషంలో, రెండు నిమిషాల్లో, ఐదు నిమిషాల్లో చెప్పాలి. పెంచడం ఎవరైనా చేస్తారు. తగ్గించడమే కష్టం. అర నిమిషం అనగానే ఆమె అన్నీ వేగంగా చెప్పేసేది. వేగం పెంచితే విషయం తగ్గదు కదా. ఏది వదలాలో ముందే తెలిసి ఉండాలి. అందుకు నేను అడిగే ప్రశ్న ఒకటుంది: "కరెంటు పోతోంది, ఒక్క వాక్యమే చెప్పగలవు, ఏది?" ఆమె ఆ కాయల వాక్యం ఎంచుకుంది.

ఇక అప్రస్తుత ప్రసంగి. పక్క క్లస్టర్ ఏఈవో, ఆమెకంటే చిన్నవాడు, ఈ పాత్ర తీసుకున్నాడు. కొంచెం ఎక్కువే ఆస్వాదించాడని నా అనుమానం. ఆమె ముక్క మధ్యలో ఉండగా "మేడమ్, రైతు భరోసా ఎప్పుడు?", "మేడమ్, పక్కోడు నా పొలానికి నీళ్లు రానిస్తలేడు", "మేడమ్, చాయ్ వచ్చిందా?" అని దూరేవాడు. ఇందులో ఆమె మూడు రకాలు విడదీయడం నేర్చుకుంది. తాను చెబుతున్న విషయానికి దగ్గరైన ప్రశ్న అయితే వెంటనే ఆ ముక్కకు దూకాలి, వరస పోయినా ఫర్వాలేదు. తెలిసినదే గానీ ఇప్పుడు కాదనుకుంటే చేతిలో కాగితం మీద అందరూ చూస్తుండగా రాసుకోవాలి, చివర్లో ఆ కాగితం పైకి చదవాలి. 'చివర్లో చెప్తాను' అన్న మాట ఎవరూ నమ్మరు, రాసుకున్న కాగితాన్ని నమ్ముతారు. మూడోది తన చేతిలో లేనిది: మాఫీ, నష్టపరిహారం, ధర. దీనికి ఒక్కటే జవాబు ముందే బిగించుకుంది. "అది నా చేతిల లేదు. ఎవరి చేతిల ఉందో చెప్త, రాసుకో." ఏమీ తెలియకపోయినా ఏదో ఒకటి చెప్పి గట్టెక్కడమే సమయస్ఫూర్తి అనుకునేవాళ్లున్నారు. ఊళ్లో ఆ మాట వచ్చే ఏడాది దాకా మన వెంట పడుతుంది.

ఒక గీత మాత్రం గట్టిగా గీశాం. మందుల మోతాదు, తేదీలు, పథకాల అర్హతలు ఎంత కంఠస్థం వచ్చినా కార్డు చూసే చెప్పాలి. వేపనూనె 1500 పీపీఎం అయితే లీటరు నీటికి 5 మి.లీ. అన్నది ఆమెకు నోటికొచ్చు. అయినా జేబులోంచి కార్డు తీసి చదవాలి. ఉద్రేకంలో ఉన్న నోటికి ఐదు యాభై అవుతుంది, విన్నవాళ్లు అలాగే కలుపుతారు. కార్డు చూస్తే చిన్నతనం అనుకుంటారేమో అని ఆమె సందేహం. రైతులు నిజానికి కార్డు తీసినప్పుడే ఫోన్లు తీసి ఫొటో కొడతారు.

ఆ రోజు

సెప్టెంబర్ చివరి వారం. జూన్‌లో వేసిన పత్తి పూత, కాయ మీద ఉంది. రైతు వేదికలో మీటింగ్, ఆమెకు 20 నిమిషాలు, ప్రొజెక్టర్ కట్టి ఉంది. స్లైడ్లు ఇప్పుడు బొమ్మలే, అక్షరాలు లేవు. నేను వెనక వరసలో కూర్చున్నాను. ముఖ్య అతిథి దారిలో ఉన్నారన్నారు. ఆమె లేచి రెండో స్లైడ్‌కు వచ్చేసరికి కరెంటు పోయింది.

ఫ్యాన్లు ఆగాయి, మైకు ఆగింది. ఉక్కపోతకు జనం లేచి వరండాలోకి నడవసాగారు. నిర్వాహకుడు దగ్గరికొచ్చి, "మేడమ్, సార్ పది నిమిషాలల్ల ఉంటరు. ఒక ఆరు నిమిషాల్ల ముగియ్యున్రి" అన్నాడు. అంటే కరెంటూ లేదు, టైమూ లేదు, మైకూ లేదు, సగం జనం కూడా లేరు.

ఆమె వేదిక దిగింది. సంచిలో పొద్దున కోసుకొచ్చిన కాయలున్నాయి. లోపలున్నవాళ్లను కూర్చోబెట్టే ప్రయత్నం చేయలేదు, వాళ్లను కూడా రమ్మని తనే వరండాలోకి వెళ్లింది. గాలి వచ్చే చోటికి జనం పోతుంటే వాళ్లను ఉక్కలో కూర్చోబెట్టి వినమనడం అయ్యే పని కాదు. ఇది నేను నేర్పింది కాదు, చేన్లో ఎండ తిరిగిన కొద్దీ చెట్టు నీడకు జరిగి మాట్లాడే అలవాటు ఆమెది.

మొదటి వాక్యం మొదలుపెట్టిందో లేదో, గోడకానుకొని నిలబడ్డ ముసలాయన అందుకున్నాడు. "బిడ్డా, ఇవన్నీ మాకెరికే. మూడు సార్లు కొట్టిన. పురుగు చస్తలేదు. మందు నకిలీదా, గింజ నకిలీదా? గది జెప్పు ముందు."

ఆమె అనుకున్న వరసలో ఈ ముక్క నాలుగోది. పాత వీడియోలోని మనిషైతే ఇక్కడ మొదటి స్లైడ్‌కు పోయేది. ఈసారి ఒక్క క్షణం ఆగి ఆయన ప్రశ్నను తన నోటితో అందరికీ వినిపించింది: "తాత మూడు సార్లు మందు కొట్టిండట, పురుగు చస్తలేదట. ఇంక ఎవరికన్నా ఇట్లనే అయిందా?" నాలుగైదు చేతులు లేచాయి. ఆ ప్రశ్న ఇక ముసలాయనది ఒక్కడిదే కాదు. అవధాని కూడా పృచ్ఛకుడి ప్రశ్నను ఒకసారి తిరిగి చెబుతాడు. అందరికీ వినబడుతుంది, తనకు రెండు క్షణాలు దొరుకుతాయి.

సంచిలోంచి ఒక కాయ తీసి ఆయన చేతిలో పెట్టింది. "తాతా, దీనికి సందు ఏడుందో చూపెట్టు." ఆయన అటూ ఇటూ తిప్పాడు. పక్కవాళ్లు మెడలు చాచారు. "సందేం లేదు గద" అన్నాడొకడు. "పగలగొట్టు" అంది. పగలగొడితే లోపల గులాబీ పురుగు, తిన్న గింజ, రంగు మారిన దూది. "ఇది గుడ్డుల నుంచి బయటికొచ్చినంక ఎక్కువ సేపు బయట ఉండదు. సన్నగ ఉన్నప్పుడే లోపలికి వోతది. పోయినంక సందు మూసుకుంటది. నువ్వు కొట్టిన మందు కాయ మీద ఆరిపోతది, దీని ఒంటికి తాకనే తాకదు. నీ మందు నకిలీ అని నేను ఎట్ల అంట?"

ముసలాయన కాయను చూస్తూ "మరి గింజ?" అన్నాడు. బీటీ ముక్క ఇంకా ముందుకు జరిగింది. బీటీ పత్తికి 2002లో మన దేశంలో అనుమతి వచ్చింది, 2006లో రెండు జన్యువుల రకం వచ్చింది. గులాబీ పురుగు రెంటినీ తట్టుకోవడం నేర్చేసింది. ఇదంతా ఆమె ఇలా చెప్పలేదు. "అసలు గింజ అయినా ఈ పురుగు చస్తలేదు, అలవాటు పడ్డది. నకిలీదో కాదో నేను చూసి చెప్పలేను. బిల్లు, సంచి దాచిపెట్టినవా? లేకుంటే వచ్చే యేడన్నా దాచిపెట్టు" అంది. ఇరవై సెకన్లు. ఐదు నిమిషాల ముక్కను అంతకు కోయగలిగింది, ఏది వదిలేయాలో ముందే తెలుసు కాబట్టి.

ఇంకొకాయన ధర అడిగాడు. కాగితం మీద రాసుకుంది. మద్దతు ధర తన చేతిలో లేదని చెప్పి, తన చేతిలో ఉన్నది చెప్పింది: తేమ 8 శాతం దాటితే సీసీఐ (మద్దతు ధరకు పత్తి కొనే కేంద్ర సంస్థ) వాళ్లు ధర కోస్తారు, 12 దాటితే కొననే కొనరు, కాబట్టి ఆరబెట్టి తీసుకెళ్లండి. ఈ అంకెలు కార్డు మీద చూసి చదివింది.

అప్పుడే బయట కారు ఆగిన చప్పుడు. జనం అటు తిరిగారు. ఆమెకు చెప్పాల్సినవి ఇంకా సగం ఉన్నాయి. నిర్వాహకుడు చేత్తో ముగించమని సైగ చేస్తున్నాడు. గొంతు పెంచి, "ఒక్క మాట. ఇరవై కాయలు కోయున్రి. రెండింట్ల పురుగుంటే నాకు ఫోన్ చెయ్యిన్రి. ఒక్కదాంట్ల గూడ లేకుంటే మందు పైసలు జేబుల పెట్టుకోండ్రి" అంది. నవ్వులు. ముసలాయన కాయ పడేయలేదు, కండువా కొసకు ముడేసుకున్నాడు.

బాగా కుదరనివి

వీడియో మళ్లీ కూర్చొని చూశాం. బుట్టల ముక్క పూర్తిగా మర్చిపోయింది. అది పెద్ద నష్టం కాదు, ఆ వరండాలో దానికి చోటు లేదు. పెద్ద లోపం వేరే ఉంది. పత్తి తీసే ఆడవాళ్లు వెనక నిలబడ్డారు, వాళ్లకు కాయ కనిపించలేదు. ఆమె మాట్లాడింది మొత్తం ఆ ముసలాయనతో, ఆయన చుట్టూ ఉన్న మగవాళ్లతో. గుడ్డి పువ్వునూ పుచ్చిన కాయనూ మొదట చూసేది రోజంతా చేన్లో వంగి ఉండే ఆడవాళ్లే. ప్రశ్న వేసినవాడి వైపు ఒంగిపోవడం అప్పటికప్పుడు మాట్లాడేవాళ్లందరికీ ఉండే జబ్బు. మందు దీనికి చాలా సాదా: కాయను రెండుసార్లు చూపించాలి, రెండోసారి వెనక్కి నడిచి.

అతిథి వచ్చాక జరిగింది ఇంకో సంగతి. కరెంటు వచ్చింది, ఆయన వేదిక మీద కూర్చున్నారు, ఆమెను రెండు మాటలు చెప్పమన్నారు. ఒక్కసారిగా 'ఏమనగా' తిరిగొచ్చింది. పది నిమిషాల క్రితం "సందు చూపెట్టు తాతా" అన్న నోరే "ఈ కార్యక్రమానికి విచ్చేసిన" అని మొదలుపెట్టి ఎక్కడికీ చేరలేదు. ముక్కలు అన్నీ ఉన్నాయి. కానీ ఇప్పుడు వింటున్నది రైతులా, పై అధికారా అన్నది ఆమె తేల్చుకోలేదు. ఎవరితో మాట్లాడుతున్నామో తేల్చుకోకపోతే ఎన్ని ముక్కలున్నా నోటికి రావు. దీనికి చీటీల కసరత్తు పనిచేయదు. ఇప్పుడు ఆమె సాధన చేస్తున్నది ఇది: అధికారి ఎదుట నిలబడ్డప్పుడు ఒక్క వాక్యం ఆయనకు, "సార్, రైతులు ఇప్పుడు అడుగుతున్నది ఇదీ" అని, ఆ వెంటనే మొహం జనం వైపు తిప్పి మిగతాదంతా వాళ్లతో.

ఆ వారం కాయలు కోసి చూసి ఫోన్ చేసినవాళ్లు ఉన్నారు. కోసిన కాయల ఫొటోలు వాట్సాప్‌లో పెట్టినవాళ్లూ ఉన్నారు. ఆమె ఆ ఫొటోలను స్లైడ్లలో పాత బొమ్మల బదులు పెట్టింది.

ముక్కలు కూడా పాతబడతాయి. డిసెంబర్‌కు గుడ్డి పువ్వు ముక్క పనికిరాదు. అప్పుడు ముందుకు రావాల్సింది పంట తీసేసే ముక్క. నీళ్లున్నాయి కదా అని ఫిబ్రవరి, మార్చి దాకా పత్తిని సాగదీస్తే పురుగు వచ్చే సీజన్‌కు అక్కడే తిండి తింటూ ఉంటుంది. ఎండిన కట్టెను చేన్లో వదిలేసినా అంతే, దాన్ని అంటుకొని ఉన్న కాయల్లో అది కాలం గడుపుతుంది. ఈ ముక్క చెప్పడం కష్టం. ఇంకో తీతకు పత్తి కనిపిస్తున్న రైతును చేను తీసేయమనాలి. అడ్డు ప్రశ్నలు ఖాయం. పక్క క్లస్టర్ కుర్రాడు అప్పుడే వాటి జాబితా రాసుకుంటున్నాడు. మొదటిది: "మేడమ్, ఆ రెండు క్వింటాళ్ల పైసలు మీరిస్తరా?" దానికి ఆమె ఇంకా మొదటి వాక్యం బిగించలేదు. గట్టు మీద ఎవరైనా అడిగేదాకా ఆగుతానంది, అక్కడ నోటికి ఏది వస్తే అదే తీసుకుందామని.